ఏడో నంబరు ఇంటి రాతిపొయ్యి

ఆ గురువారం ఉదయం ఆర్విల్ ట్యాకెట్ పెట్టుకున్న పనులు మూడే. తొమ్మిదింటికి కౌంటీ రికార్డు ఆఫీసులో ఒక కాగితం దాఖలు చేయడం, పదింటికి డైనర్ అనే చిన్న హోటల్లో పీచ్ పై అనే పళ్ల తీపిరొట్టె తినడం, పదకొండింటికి వాగులో గాలం వేయడం. ముప్పై ఎనిమిదేళ్లుగా రాళ్లు పేర్చి గోడలు లేపినవాడికి ఒక కాగితం దాఖలు చేయడం ఏపాటి పని?

ఆ కాగితం పేరు లియెన్. కట్టినవాడికి కూలి ముట్టకపోతే, కట్టిన స్థలం మీదే హక్కు రాయించుకోవచ్చు. బాకీ తీరేదాకా ఆ స్థలం అమ్ముడుపోదు. ఫిలిపా గాన్సర్ట్ అనే ఆవిడ పెరట్లో, కంచె పక్కన, తొమ్మిదడుగుల పొగగొట్టంతో రాతిపొయ్యి కట్టి తొంభై రోజులైంది. ఆరువేల నాలుగువందల డాలర్లు ఆవిడ ఇవ్వలేదు. ఇవ్వకపోతే పోనీ, "పొయ్యి ఒరిగింది" అంది. అదీ డైనర్లో, పదిమంది ముందు. డబ్బు మాట ఎలా ఉన్నా, ట్యాకెట్ కట్టింది ఒరిగిందన్న మాట ఆ కౌంటీలో అంతకుముందు పుట్టలేదు. దాఖలుకు గడువు ఆ సాయంత్రంతో సరి.

"లాయరు దగ్గరికి వెళ్లవయ్యా. మూడొందలు పారేస్తే తప్పుల్లేకుండా రాసిస్తాడు," అంది భార్య నాడీన్.

"నా గోడకి ఇంకొకడి చేత తాపీ పట్టిస్తానా? నా కాగితం నేనే రాసుకుంటా."

రికార్డు ఆఫీసులో మార్జీన్ అనే గుమాస్తా ఉంది. ఆవిడ కాగితాన్ని చదవలేదు. స్కేలు పెట్టి కొలిచింది.

"పైన మూడంగుళాల ఖాళీ ఉండాలండీ. మీది రెండున్నరే ఉంది."

"అరంగుళానికి ఇంత రాద్ధాంతమా?"

"మీ గోడలో అరంగుళం తేడా వస్తే మీరు ఊరుకుంటారా?"

ఆర్విల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికెళ్లి నాడీన్ చేత మళ్లీ టైపు కొట్టించి, ఆవిడను వెంటబెట్టుకుని పదకొండింటికి తిరిగొచ్చాడు. మార్జీన్ మళ్లీ స్కేలు పెట్టింది. మూడంగుళాలు ఉన్నాయి. "వీధి, ఇంటి నంబరు రాస్తే చాలదండీ, లాటు నంబరు, అంటే కౌంటీ మ్యాపులో ఆ స్థలానికున్న నంబరు రాయాలి," అంది.

"ఏ లాటో నువ్వే చెప్పు తల్లీ."

"చెప్పకూడదండీ. మేం కాగితాలు తీసుకుంటాం, సలహాలివ్వం. నా ఉద్యోగం పోతుంది. మ్యాపు అదిగో, గోడ మీదుంది."

ఆర్విల్‌కి ఒక అలవాటుంది. ఏ పని మొదలుపెట్టినా వీధి మూలన కొలతల గుర్తుగా పాతిన ఇనుప గూటం నుంచి తన మొదటి రాయి దాకా ఎన్నడుగులో చిన్న పుస్తకంలో రాసుకుంటాడు. పుస్తకం తీసి, మ్యాపు మీద టేపు పరిచి, లెక్కకట్టి వేలు పెట్టాడు. వేలు ఎనిమిదో లాటు మీద పడింది.

"గాన్సర్ట్ ఇల్లు ఏడో లాటు కదయ్యా! ఊరందరికీ తెలుసు," అంది నాడీన్.

"నేను కట్టింది ఇల్లు కాదే, పొయ్యి. నా రాయి ఎక్కడుందో అదే లాటు. ఊరు పొరబడుతుందేమో గాని నా టేపు పొరబడదు."

మార్జీన్ ఏదో చెప్పబోయి, నిబంధన గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఇక నోటరీ ముద్ర మిగిలింది. బ్యాంకులో నోటరీ పంటి వైద్యుడి దగ్గరికి వెళ్లి మూడున్నరకు గాని రాలేదు, వచ్చాక మందుకి మొద్దుబారిన నోటితోనే ప్రమాణం చేయించింది. ఆఫీసు తలుపులు మూయడానికి అయిదు నిమిషాల ముందు, యజమాని ఫిలిపా గాన్సర్ట్, లాటు నంబరు ఎనిమిది అని కాగితం దాఖలైంది. పీచ్ పై లేదు, చేపలూ లేవు. అయినా ఆర్విల్ ఈలవేస్తూ ఇంటికెళ్లాడు.

ఎనిమిదో లాటు పక్కింటి రాయిస్ డంకెల్‌ది. సోమవారం అతను ఆ ఇల్లు అమ్మి సంతకాలు పెట్టాలి. సరిగ్గా ఆ వేళకి స్థలం మీద లియెన్ ఉందని బయటపడి అమ్మకం ఆగిపోయింది. డంకెల్ నిప్పు తొక్కిన కోతిలా డైనర్లోకి దూసుకొచ్చాడు.

"ఒరేయ్ ఆర్విల్! నా ఇంట్లో నువ్వు ఇటుక ముక్కైనా పెట్టావురా?"

మూల బల్ల దగ్గర కూర్చున్న గాన్సర్ట్ పకపకా నవ్వింది. "చూశారా? నా ఇల్లే కనుక్కోలేనివాడు నా పొయ్యి తిన్నగా ఎలా కడతాడు?"

డైనరంతా గొల్లుమంది. "ఆర్విల్, ఇంటికి దారి తెలుసా, దిగబెట్టమంటావా?" అన్నాడెవరో. ఆర్విల్ పీచ్ పై ముక్క వదిలేసి వెళ్లి తన ట్రక్కులో కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి తన టేపుని అనుమానంగా చూశాడు. నాడీన్ వచ్చి పక్కన కూర్చుంది. మూడొందల లాయరు మాట ఎత్తనే లేదు. అందుకే అతనికి ఇంకా సిగ్గేసింది.

ఆర్విల్ తప్పు కాగితం మీద తేల్చడానికి మర్నాడే డంకెల్ సర్వేయర్ని పిలిపించాడు. చూడ్డానికి డైనర్ జనమంతా కాఫీ కప్పులతో సహా గాన్సర్ట్ పెరట్లో చేరారు. సర్వేయరు వీధి మూల గూటం నుంచి కొలుచుకుంటూ వచ్చింది. కంచె దగ్గర ఆగలేదు. పొయ్యి దగ్గరా ఆగలేదు. దాన్ని దాటి గాన్సర్ట్ ఇంటివైపు నాలుగడుగులు వేసి ఎర్రజెండా గుచ్చింది.

"హద్దు ఇదండీ. పొయ్యి మొత్తం ఎనిమిదో లాటులోనే ఉంది. ఆ కంచె ఎవరు వేశారు?"

"నేనే," అన్నాడు డంకెల్ నీళ్లు నములుతూ. "పాతికేళ్ల కిందట. కంటి అంచనాతో."

"మరి ఒరిగిన సంగతి?" అంది గాన్సర్ట్.

సర్వేయరు దారానికి కట్టిన తూకం గుండు వేలాడదీసింది. దారం పొయ్యి అంచు వెంట పైనుంచి కిందికి దిగింది. "పొయ్యి నిటారుగా ఉందండీ. కంచే రెండంగుళాలు ఒరిగింది. దాని పక్కన నిలబడి చూస్తే ఏదైనా ఒరిగినట్టే కనిపిస్తుంది."

ఆర్విల్ టోపీ తీసి, జుట్టు సర్దుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. నాడీన్ మాత్రం అందరికీ వినబడేలా, "ముప్పై ఎనిమిదేళ్లు!" అంది.

డంకెల్ మొహం మెల్లగా వెలిగింది. "అంటే పొయ్యి నాదన్నమాట! ఆర్విల్, నీ ఆరువేల నాలుగొందలు నేనిస్తా. రాతిపొయ్యితో ఇల్లంటే ఇంకో పదివేలు పలుకుతుంది."

"నీదెలా అవుతుంది? కట్టించుకుంది నేను!" అని గాన్సర్ట్ ఎర్రజెండాకి అడ్డంగా నిలబడింది.

"ఒరిగిపోయిన పొయ్యి నీకెందుకమ్మా?"

"ఒరిగిందని ఎవరన్నారు?"

కాఫీ కప్పులన్నీ ఆవిడ వైపు తిరిగాయి. గాన్సర్ట్ చెక్కు పుస్తకం తీసింది.

కంచెకీ ఎర్రజెండాకీ మధ్యనున్న స్థలం డంకెల్ దగ్గర కొనుక్కోవడానికి సాయంత్రానికల్లా ఒప్పుకుంది కూడా. కానీ ఆర్విల్ చెక్కు ముట్టలేదు.

"బాకీ తీరిందని కాగితం దాఖలు చేస్తానమ్మా. అందులో ఒక్క వాక్యం నువ్వు రాసి సంతకం పెట్టాలి. నోటరీ ముందు."

మర్నాడు మార్జీన్ ఆ కాగితానికి స్కేలు పెట్టింది. పైన మూడంగుళాలు, వెంట్రుకవాసి తేడా లేదు. 'ఈ పొయ్యి నిటారుగా ఉంది, ఎప్పుడూ ఒరగలేదు' అన్న వాక్యం దగ్గర ఆవిడ కళ్లు ఆగాయి. మాట్లాడకూడదు కనుక మాట్లాడలేదు, ముద్ర మాత్రం రెండు చేతులతో గట్టిగా వేసింది.

ఆర్విల్ దాని నకలుకి రుసుము కట్టి, పటం కట్టించి, డైనర్‌కి ఇచ్చాడు. ఇప్పుడది గాన్సర్ట్ కూర్చునే బల్లకి ఎదురుగా గోడ మీద ఉంది. కొద్దిగా ఒరిగి ఉంటుంది, మేకు కొట్టింది డంకెల్.