కొత్త బ్రేకు డబ్బా

ట్రైలర్ చక్రాల్లోంచి పొగ వస్తోందని పక్క అద్దంలో చూడగానే వెర్న్ నైగార్డ్ ట్రక్కు వేగం తగ్గించాడు. ఆ ట్రైలర్‌లో ఉన్నది డీకన్, అతను రెండేళ్లు మేపిన ఆబోతు. పదింటికి కౌంటీ సంతలో పశువుల పోటీ గేటు మూసేస్తారు. ఆలోగా డీకన్ లోపల ఉండాలి. ఆ పొద్దున వేసుకున్న పథకం అంతే.

"మాంసం కాల్చడానికి సంతలో పొయ్యిలున్నాయి కదా, అల్లుడూ. తొందరెందుకు?" అంది పక్క సీట్లోని అత్తగారు ఆగ్నెస్. ఆగస్టు ఎండలోనూ ఆవిడ మోకాళ్ల మీద ఉన్ని కోటు పరుచుకుని కూర్చుంది.

వెర్న్ బండి ఆపాడు. ఆవిడ చేతిసంచి భుజాన వేసుకుని దిగింది. సంచి లేకుండా ఆవిడ ఎక్కడికీ కదలదు. వెనకే గడ్డిమోపుల ట్రక్కులో వస్తున్న ఆవిడ కొడుకు హార్లన్ కూడా దిగాడు.

"బావా, ఇంటి దగ్గర నుంచీ నీ ట్రైలర్ ఎర్రలైట్లు వెలుగుతూనే ఉన్నాయి. బ్రేకు మీద కాలేసి కునుకు తీస్తున్నావా?"

"నా కాలు దాని దరిదాపుల్లో లేదు. నిన్న తీగలు కలిపిన మొనగాడెవరో గుర్తు తెచ్చుకో."

"చవక బ్రేకు డబ్బా చాలన్నాను. ట్రక్కు ఎంత గట్టిగా ఆగుతోందో పసిగట్టే లోలకం డబ్బాయే కావాలన్నదెవరు?"

ఆ డబ్బా డ్యాష్‌బోర్డు కింద, డ్రైవరు కుడి మోకాలి పక్కన ఉంది. డ్రైవరు పెడల్ తొక్కితే ట్రైలర్ బ్రేకులు ఎంత పట్టాలో అదే చెబుతుంది. ట్రైలర్ ఒక్కటే ఊగితే చేత్తో నొక్కి దాని బ్రేకులు మాత్రమే పట్టించడానికి డబ్బాకు వంపు తిరిగిన మీట కూడా ఉంది. ఇద్దరూ తలలు దూర్చి చూశారు. డబ్బా లైటు ఆరిపోయి ఉంది. చక్రాలు చల్లబడ్డాక బ్రేకులు వదిలేశాయి. హార్లన్ పెడల్ నుంచి వచ్చే ఎర్రతీగను విప్పి మళ్లీ కలిపాడు. తొక్కితే పట్టింది, వదిలితే వదిలింది.

అందరూ ఎక్కారు. కొంతదూరం పోగానే మళ్లీ పొగ.

ఈసారి హార్లన్ తన ట్రక్కులోని పాత డబ్బానే ఊడదీసి తెచ్చాడు. రంగుకు రంగు చూసుకుని నాలుగు తీగలూ కలిపారు. బ్రేకులు బుద్ధిగా పనిచేశాయి. ఆగ్నెస్ ఎక్కి, కోటు సర్దుకుంది. చర్చి మలుపు దాటేసరికి మళ్లీ పొగ. లోపల డీకన్ రంకె వేశాడు.

"ఈ బండి నాకు అచ్చిరాలేదు. నేను హార్లన్‌తో వస్తాను," అని ఆవిడ సంచితో దిగిపోయింది.

అక్కడి నుంచి పొగ లేదు, లైటు లేదు. సంతకు చేరాక వెర్న్ బావమరిదిని పక్కకు లాగాడు.

"మీ అమ్మ ఎక్కితేనే పడుతున్నాయి. బరువు తేడా అంటావా?"

"ఆ మాట నువ్వే అడుగు. నాకింకా పెళ్లి కాలేదు, బతకాలనుంది."

పోటీ గేటు అప్పటికే మూసేశారు. బయట కంచెకు డీకన్‌ను కట్టేసి వెర్న్ ఆ డబ్బా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఓడిపోయిన బాధ కన్నా కారణం తెలుసుకోవాలన్న దురదే అతన్ని ఎక్కువ తినేస్తోంది.

ఓ గంటకు ఆగ్నెస్ వచ్చింది, ఛాతీ మీద మొదటి బహుమతి నీలం రిబ్బనుతో. వెనక, పొద్దున్నే సంతకు వచ్చేసిన వెర్న్ భార్య లోర్నా, చేతిలో రెండో బహుమతి ఎర్ర రిబ్బను, ముఖం అంతకన్నా ఎర్రగా. చెర్రీ జామ్ పోటీలో ఏటా గెలిచేది లోర్నాయే.

"అమ్మా, నాకు తెలియకుండా ఆ జామ్ సీసాలు ఎలా తెచ్చావు?"

ఆగ్నెస్ రిబ్బను సరిచేసుకుంది.

"చేతిసంచిలో. కింద పెడితే పగులుతాయి, ఒళ్లో పెడితే అల్లుడు చూసి నీకు చెబుతాడు. అందుకే ఆ డబ్బాకున్న కొక్కేనికి తగిలించి, పైన కోటు కప్పాను. మొదటి కొక్కెం బరువుకి కాస్త జారింది, రెండోది గట్టిది. ఇన్నాళ్లకు బండిలో ఆడవాళ్ల సంచికి ఒక చోటు పెట్టించావని నిన్ను మెచ్చుకుందామనే అనుకున్నాను, అల్లుడూ."