ఫోన్లో పెట్టిన బొట్టు

ఇటు జరగండి, ఇంకొంచెం దగ్గరికి. ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండి. ఎల్బీనగర్ అండాలమ్మ ఫోన్లో బొట్టు పెట్టిన సంగతి ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు. సగం మందికి మొదలు తెలియదు, మిగతా సగానికి చివర తెలియదు. నేను మొదటి నుంచీ చెబుతాను, మధ్యలో లేవకండి.

అండాలమ్మ మనుమరాలు అంబికకు మెట్రో రైలు నడిపే ఉద్యోగం వచ్చింది. టికెట్లిచ్చే ఉద్యోగం కాదు, రైలుకు అన్నిటికంటే ముందుండే అద్దం వెనక కూర్చుని నడిపే ఉద్యోగం. ఒకప్పుడు ఆ కుటుంబం జొన్న వేసిన చేలకు కూతవేటు దూరంలోనే ఇప్పుడు ఆ రైలు పోతుంది. తాత ఎడ్లబండి తోలాడు, తండ్రి ఇసుక లారీ తోలాడు, ఈ పిల్ల రైలు తోలుతుంది. అండాలమ్మ ఈ మాట పాలవాడికి చెప్పింది, దవాఖానలో మోకాలికి పట్టీ వేసిన నర్సుకు చెప్పింది, రాంగ్ నంబరుకు ఫోన్ చేసిన ఎవరో మనిషిని ఆపి మరీ చెప్పింది. శిక్షణ పూర్తయి, సోమవారం పిల్ల మొదటిసారి తనంతట తాను రైలు నడుపుతుంది. అందుకని ముందురోజు ఆదివారం ఇంట్లో అరవై మందికి భోజనాలు పెట్టాలని నిశ్చయించారు.

చిక్కంతా సోమమ్మతో వచ్చింది. సైదాబాద్‌లో ఉండే సోమమ్మ అండాలమ్మకు ఆడబిడ్డ. ఎనిమిదేళ్ళ కిందట ఈ ఇంటి గృహప్రవేశానికి అండాలమ్మ కొడుకు తీరిక లేక ఆమెను ఫోన్లో పిలిచాడు. మనకు తెలిసిందే కదా, ఆడవాళ్ళను శుభకార్యానికి పిలవాలంటే వాళ్ళింటికి వెళ్ళి, నుదుట బొట్టు పెట్టి చెప్పాలి. బొట్టు లేకపోతే అది పిలుపు కాదు, వార్త. "ఇంటికి పెద్దది నా ఇంటికొచ్చి బొట్టు వెట్టేదాంక ఆ గడప తొక్క" అని సోమమ్మ ఒట్టు పెట్టుకుంది. ఆ తరవాత ఆ ఇంట్లో నలుగురినీ పిలిచే కార్యమేదీ రాలేదు, ఆమె గడప తొక్కనూ లేదు.

అంబికను పసితనంలో చంక దించకుండా పెంచింది, ఆ పిల్ల చేత అమ్మమ్మా అని పిలిపించుకున్నది ఆ సోమమ్మే. ఆమె లేకుండా ఆ పిల్ల విందేమిటి? వెళ్ళి బొట్టు పెడదామంటే అండాలమ్మ మోకాలు గుమ్మడికాయలా వాచి ఉంది. పది రోజులు ఇల్లు దాటవద్దన్నాడు డాక్టరు. సోమమ్మ ఉండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కోడల్ని పంపితే "పెద్దది రాలేదేం?" అంటుంది. అండాలమ్మకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

గురువారం పొద్దున అంబిక కొత్త స్మార్ట్‌ఫోన్ తెచ్చి నానమ్మ ఒళ్ళో పెట్టింది. శిక్షణ డ్యూటీకి వెళ్ళేలోగా పనికొచ్చే ఆప్‌లు కొన్ని వేసి ఇవ్వాలని ఆ పిల్ల ఉద్దేశం. పై వాటాలో కిరాయికుండే గుంటూరు దంపతులు వేదవతి, పట్టాభి కూడా దిగి వచ్చారు. పట్టాభి ఫోన్లో తొంభై నాలుగు ఆప్‌లున్నాయి. ఫోన్ మోగితే ఎత్తడానికి మాత్రం ఆయనకు ఎప్పుడూ ఆలస్యమవుతుంది.

"నానమ్మా, రోజూ పనికొచ్చేటివే వేస్కుందాం. ఐదు చాలు," అంది అంబిక.

"ఐదేం సరిపోతాయమ్మా?" అన్నాడు పట్టాభి. "ముందు నీళ్ళ ఆప్ వెయ్యి. గంటకోసారి మంచినీళ్ళు తాగమని గుర్తు చేస్తుంది."

"దూపైతే నా గొంతే చెప్తది గద సారూ!" అంది అండాలమ్మ.

"పోనీ అడుగులు లెక్కపెట్టేది?"

"గీ మోకాలుతోని ఏం అడుగులు సారూ? మంచం కాడికెల్లి బాత్రూం దాంక పద్దెనిమిది. అది నాకెరికే."

"నిద్ర కొలిచేది ఉందండీ. ఎంతసేపు పడుకున్నారో పొద్దున్నే చెప్పేస్తుంది."

"పండుకునేది నేను, చెప్పేది అదా?"

వేదవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈయన రాత్రంతా మేలుకునే ఉన్నారని చెబుతుందండీ మా ఇంట్లో ఆప్. మరి ఆ గురక ఎవరు పెడుతున్నారో!"

అండాలమ్మ సంతలో వంకాయలు ఏరినట్టు ఏరింది. ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసి, "ఇది నాకు పొద్దుగాల లేస్తే దేనికి పనికొస్తది?" అని అడిగింది. జవాబు చెప్పలేనిది పక్కకు పోయింది. తిథులు చెప్పే పంచాంగం నిలిచింది. పేపరు పైకి చదివి వినిపించేది నిలిచింది. గ్యాస్ బుక్ చేసేది నిలిచింది. మెట్రో వేళలు చూపించేది తనే కావాలంది.

"నువ్వు యాడికీ పోవు గద నానమ్మా?"

"నేను పోను. నువ్వు వోతవు. నీ రైలు యే టైముకు మన ఇంటి మీదికెల్లి వోతదో నాకు తెల్వాలె."

ఐదోది వీడియో కాల్. "దీంట్ల మనిషి ముఖం చూసుకుంట మాట్లాడొచ్చు," అంది అంబిక.

అండాలమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ముఖమంటే, నుదురు గూడ కనవడ్తదా?"

"ఎందుకు కనవడదు?"

"అయితే గది వెయ్యి బిడ్డా," అని ఊరుకుంది. ఆ నుదురు మాట ఎందుకు అడిగిందో ఎవరూ ఆలోచించలేదు. అంబిక పాత ఫోన్లోని పేర్లన్నీ కొత్త ఫోన్లోకి మార్చి, ఒక్కో పేరు పక్కన ఫోటో పెట్టి డ్యూటీకి వెళ్ళింది. కొడుకూ కోడలూ షాపుకు వెళ్ళారు. పట్టాభి దంపతులు పళ్ళు కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ బయలుదేరారు.

ఇల్లు ఖాళీ అయ్యాక అండాలమ్మ తలుపు గడియ పెట్టింది. ఉతికిన చీర కట్టుకుంది. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు పెట్టి, కుంకుమ కొంచెం జారుగానే తడిపింది. ఫోన్‌ను ఇత్తడి చెంబుకు ఆనించి, సోమమ్మ ఫోటో మీద వేలు పెట్టింది.

సోమమ్మ కూడా ఆ వయసు ఆడవాళ్ళందరిలాగే ఫోన్ పట్టుకుంటుంది. అంటే ముక్కు, నోరు కనబడవు. తెర నిండా నుదురొక్కటే. ఇంతకంటే అనువైన నుదురు అండాలమ్మ తన జన్మలో చూడలేదు.

"ఏందే వదినా, గిప్పుడు యాదికొచ్చిన్నా?" అంది ఆ నుదురు.

"కదలకు సోమమ్మా. జర గట్లనే ఉండు," అని అండాలమ్మ ఉంగరపు వేలితో నిండుగా బొట్టు పెట్టింది.

ఆ బొట్టు పడింది ఫోన్ పైభాగంలో కెమెరా కన్ను ఉండే చోట. సైదాబాద్‌లో సోమమ్మ ఫోన్ ఒక్కసారిగా ఎర్రబడింది. "వదినా! ఏందే అది, ఎర్రగ?" అని అరిచింది. బొట్టు చెదిరిందేమో అనుకుని అండాలమ్మ బొటనవేలితో సరిచేయబోయింది. ఆ బొటనవేలు ముందు మైకును ఆపేసింది. తరవాత ఇంకొందరిని కాల్‌లోకి పిలిచే గుర్తు మీద పడింది. పేర్ల వరస తెరుచుకుంది. దాన్ని కుంకుమ మరకే అనుకుని ఆమె పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రుద్దింది. వేలు తగిలిన ప్రతి పేరుకూ ఫోన్ మోగింది.

ముందు వనస్థలిపురం నుంచి అప్పడాల వెంకాయమ్మ తెర మీదికి వచ్చింది. ఆమె వెనక జాకెట్లు కుట్టే బిందుమాధవి వచ్చింది. తరవాత ఇద్దరు, నలుగురు, చివరికి పాతికమంది దాకా, తపాలా బిళ్ళలంత గళ్ళలో ముఖాలు నిండిపోయాయి. అండాలమ్మ బిత్తరపోయింది, కానీ ఇంటికి వచ్చిన ముత్తయిదువకు బొట్టు పెట్టకుండా ఉండే మనిషి కాదు. కుంకుమ గిన్నె దగ్గరికి లాక్కుని ఒక్కొక్క గడికీ పెడుతూ పోయింది. టెంటు సామాను కిరాయికిచ్చే జంగయ్య ముఖం వస్తే మాత్రం వదిలేసింది.

అవతలివాళ్ళకు కనబడిందేమిటంటే, ఎర్రగా కారుతున్న తెర, దాని వెనక మసకగా కదిలే పెదవులు.

"అండాలమ్మగారూ! అది రక్తమాండీ?" అని వెంకాయమ్మ కేక పెట్టింది.

"రక్తమేనండీ! చూడండి, ఎలా కారుతోందో! పాపం మాట కూడా పడిపోయింది!" అంది బిందుమాధవి.

"రక్తం గాదే తల్లీ, కుంకుమ! నాకేం గాలే!" అని అండాలమ్మ గొంతు చించుకుంది. వీధిలో కుక్క లేచి మొరిగిందే గానీ, మైకు ఆగిన ఫోన్లోంచి ఒక్క మాటా బయటికి పోలేదు. వాళ్ళ కేకలన్నీ ఆమెకు వినబడుతున్నాయి, ఆమె కేక ఎవరికీ వినబడటం లేదు. కాల్ ఆపుదామంటే ఆపే గుర్తు ఎరుపే, దాని చుట్టూ ఉన్నదీ ఎరుపే. ఇంతలో గళ్ళు ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది. అందరికంటే ముందు మాయమైంది సోమమ్మ గడి.

పావుగంట తిరగకముందే తలుపు దబదబా మోగింది. వేదవతికి ఫోన్ వచ్చినప్పుడు ఆమె, పళ్ళు బేరమాడుతున్న పట్టాభిని అక్కడే వదిలి, షేర్ ఆటోలో తిరిగి వస్తోంది. "అయ్యో, మా ఓనరుగారండీ!" అని ఆమె ఏడుపు అందుకునేసరికి డ్రైవరు దారి మార్చి, మిగతా నలుగురు ప్రయాణికులతో సహా బండిని ఇంటిముందు తెచ్చి నిలిపాడు. దాని వెనక వెంకాయమ్మను ఎక్కించుకున్న బిందుమాధవి స్కూటీ, దాని వెనక జంగయ్య వ్యాను. వ్యానులో ఆయన ఎందుకైనా మంచిదని మడత మంచం వేసుకొచ్చాడు.

అండాలమ్మ గోడ పట్టుకుని నడిచి వచ్చి గడియ తీసింది. కుడిచెయ్యి మణికట్టు దాకా ఎర్రగా ఉంది. చూసినవాళ్ళందరూ ఒక్కసారే గొల్లుమన్నారు.

ఆ గుంపును రెండు మోచేతులతో తోసుకుంటూ ఒక మనిషి లోపలికి దూసుకొచ్చింది. జుట్టు విడిపోయింది. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి పక్కింటావిడ చెప్పు. మూడంతస్తులు ఎలా దిగిందో, సైదాబాద్ నుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చీ రావడంతోనే అండాలమ్మ తల పట్టుకుని వెతికింది.

"యాడ దాకిందే వదినా? యాడ? చెప్పవేందే!"

"దెబ్బ గాదే సోమమ్మా. నీకు బొట్టు వెట్టిన. ఆదివారం మన అంబిక బువ్వకు రావాలె."

సోమమ్మ కుంకుమ గిన్నె చూసింది, ఫోన్ చూసింది, ఆఖరికి తన కాళ్ళు చూసుకుంది. ఆ కాళ్ళు గడప దాటి హాలు నడిమధ్యలో ఉన్నాయి. ఒట్టు సంగతి తెలిసినవాళ్ళందరూ ఆ కాళ్ళనే చూస్తున్నారు.

"అయితే పిలవకుండానే వచ్చేశారన్నమాట, సోమమ్మగారూ!" అంది వెంకాయమ్మ. ఆమెకు మనసులో ఏదీ దాచుకునే అలవాటు లేదు.

సోమమ్మ ముఖం కందగడ్డ అయింది. ఇప్పుడు గనుక ఈమె వెనక్కి తిరిగిందంటే ఇంకో ఎనిమిదేళ్ళు. ఇద్దరికీ అన్నేళ్ళు చేతిలో ఉన్నాయో లేదో.

సోమమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. గొంతు సవరించుకుంది.

"పిల్వకుండ వచ్చింది ఎవరమ్మా? నా ఇంట్ల, నా కుర్చీల కూసున్నప్పుడే నా వదినె నా నుదుటికి బొట్టు వెట్టింది. మీరు సూడలేదా? బొట్టు వెట్టినంక రాకుంటే మర్యాద గాదని వచ్చిన. ఆదివారం దాంక ఆగబుద్ధి గాలే, గంతే."

"ఫోన్లో పెడితే చెల్లుతుందాండీ?" అని అడిగాడు అప్పుడే పళ్ళ సంచితో లోపలికి వచ్చిన పట్టాభి.

"చెల్లదన్నది ఎవరు సారూ?"

అన్నదెవరో ఆ హాల్లో ఉన్న అందరికీ తెలుసు. వేదవతి ముందుగా తేరుకుని, "నాకూ పెట్టారండీ, ఆటోలో ఉండగా," అంది. "నాకూ పెట్టిందమ్మా," అంది బిందుమాధవి. వెంకాయమ్మ మాత్రం తనకు కొంచెం వంకరగా పడిందంది. అయినా అండాలమ్మ మిగిలిన కుంకుమ ఎందుకు పారబోయాలని, వచ్చిన ఆడవాళ్ళందరికీ కూర్చున్న చోటు నుంచే మళ్ళీ బొట్టు పెట్టి ఆదివారానికి పిలిచింది. షేర్ ఆటోలో వచ్చిన ముక్కూమొహం తెలియని ఆడమనిషిని కూడా వదల్లేదు. జంగయ్యకూ డ్రైవరుకూ మజ్జిగ ఇచ్చింది. మోకాలు కదపకుండా నలభై ఇళ్ళు తిరిగి వచ్చినంత పని అయింది.

సాయంత్రం అంబిక వచ్చేసరికి గేటు బయట చెప్పులు కుప్పలు పోసి ఉన్నాయి. డ్యూటీలో ఫోన్ లాకర్లో ఉంటుంది కాబట్టి ఆ పిల్లకు ఏమీ తెలియదు. గాభరాగా లోపలికి వస్తే, హాల్లో సోమమ్మ కాళ్ళు చాపుకుని ఆదివారం వంటకు వెల్లుల్లి ఒలుస్తూ కనిపించింది.

"అమ్మమ్మా! నువ్వా?"

"రా బిడ్డా. రైలు తోల్తవంట గద! చంకనేసుకుని పోతుంటే బస్సు హారన్ కొడితే జడుసుకుని ఏడ్సేదానివి. గిప్పుడు నువ్వు కొడితే ఊరంత పక్కకు జరగాలె." అంటూ పిల్ల బుగ్గలు పుణికి, వెల్లుల్లి చేతులతోనే మెటికలు విరిచింది.

అంబిక నానమ్మ పక్కన కూలబడి, ఎర్రబారిన ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. "నానమ్మా, ఐదు ఆప్‌లు సరిపోయినయా?"

"నాల్గింటిని ఇంకా ముట్టనే లేదు బిడ్డా. గీ ఒక్కటే పొద్దంత పని జేసింది," అంది అండాలమ్మ, ఆ ఫోన్‌ను తనే తయారు చేసినంత గర్వంగా.

ఆదివారం అరవై మందికి అనుకున్న భోజనాలకు నూట పది ఆకులు లేచాయి. మొదటి ఆకు సోమమ్మకు, దాని పక్క ఆకు అంబికకు వేశారు. ఆ పూట అండాలమ్మ రెండుసార్లు మారు వడ్డించుకుంది.

ఇదీ జరిగింది. బాగా గుర్తు పెట్టుకోండి, రేపు మీవాళ్ళకు చెప్పండి. సైదాబాద్ వైపు చెప్పేటప్పుడు మాత్రం, సోమమ్మ పిలుపు అందాకే బయలుదేరిందని మరిచిపోకుండా చెప్పండి. ఇప్పుడామె ఫోన్లో బొట్టు పెట్టనివాళ్ళ గడప తొక్కడం లేదు.