గండ్రపల్లి పంపు పొదుపు చేసిన విధం

ఇంధన పొదుపులో ఇకమీదట గండ్రపల్లి దేశానికే దారి చూపుతుందని మున్సిపల్ చైర్మన్ రాంచందర్ గారు ఈత కొలను గట్టున నిలబడి ప్రకటించారు. కొలను నీళ్లు వడకట్టే కొత్త పంపు పూలదండ వేసుకుని పక్కనే కూర్చుంది.

"ఉరికెటోడు కుండెడు తింటడు, నడిచెటోడు గిన్నెడు తింటడు. గిది నడిచే పంపు. వేగం సగం తగ్గిస్తే కరెంటు ఎనిమిదో వంతే తాగుతది!"

ముందు వరుసలో ప్రియాంక గాజులు గలగలలాడేలా చప్పట్లు కొట్టింది. పెళ్లయి నలభై రోజులు. భర్త బాలరాజ్ ఆ కొలను పాత పంపుకు కాంట్రాక్టు ఆపరేటరు. ఎదురుగానే వాళ్ల కిరాయి గది. పాత పంపు నడిచినంతసేపూ గదిలో ఓల్టేజీ పడిపోయి ఫ్యాను ఈగలు ఎక్కి కూర్చునేంత నిదానంగా తిరిగేది. సాయంత్రం ఆరింటికి బాలరాజ్ పంపు ఆపగానే ఝుమ్మని అందుకునేది. ఫ్యాను ఉరికిందంటే బావ వస్తున్నట్టే. ఆమె చాయ్ పెట్టేది.

"ఇంకో ముచ్చట," అన్నారు చైర్మన్. "ఇది దాని టైముకు అదే మొదలైతది, అదే ఆగుతది. ఇగ ఆపరేటరే అక్కర్లేదు!"

ప్రియాంక చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున్నించీ ఫ్యాను ఝుమ్మంటూనే ఉంది. గోడ మీది క్యాలెండరు ఎగిరెగిరి పడుతోంది.

"గాలి మంచిగొస్తుంది గదా బావా," అంది, ఏదో ఒకటి అనాలని.

"గీ గాలికే నా నౌకరి కొట్టుకపోయింది. ఇగ గది ఖాళీ చేసి బొల్లారం పోవాలె. కెమికల్ కంపెనీల షిఫ్టులు చెయ్యాలె."

మూడో రోజు పంపు షెడ్డు తాళాల గుత్తి అప్పగించడానికి ఇద్దరూ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లారు. లోపల చైర్మన్ గారి ముందు ఇంజనీరు ముర్తుజా ఇంధన పొదుపు అవార్డు దరఖాస్తు పట్టుకుని తల గోక్కుంటున్నాడు.

"సార్, ఇప్పుడు ఎన్ని యూనిట్లు కాలుతున్నయో రాసిన. ముందు ఎన్ని కాలినయో గూడ రాయాలంట. పాతదానికి మీటరే లేకపాయె."

"ముందు లేకుంటే?"

"పొదుపు గూడ లేనట్టే."

చైర్మన్ గారి దూరదృష్టి పని మొదలుపెట్టడానికి అర నిమిషం పట్టింది.

"అయితే కొత్తది ఇప్పెయ్. పాతది బిగించి మీటరు పెట్టు. నెల దినాలు రాత్రింబగళ్లు తిప్పు. ఎంత ఖర్చయితే అంత పొదుపు!"

"ఆపరేటరు?"

"బాలరాజ్ ఉన్నడు గద!"

పొదుపు కోసం గండ్రపల్లి చేసిన త్యాగం ఇంతా అంతా కాదు. ఒక్క పాత పంపు చాలదని గోదాములోంచి ఇంకో రెండు దించారు. వీధిలో ఫ్యాన్లు, పిండి గిర్నీ, పక్కింటి లక్ష్మీనరసమ్మ కరెంటు కుట్టుమిషను కలిసికట్టుగా నీరసించాయి.

"గిదేంది బిడ్డా? సూది లేస్తలేదు," అందామె.

"కరెంటు పొదుపు చేస్తున్నరు అత్తా," అంది ప్రియాంక గర్వంగా.

నెల తిరిగేసరికి తొంభై ఆరు శాతం పొదుపుతో గండ్రపల్లికి మొదటి బహుమతి వచ్చింది. కొత్త పంపు మళ్లీ బిగించారు. బాలరాజ్‌కు శాలువా కప్పి ఇంటికి పంపించారు. ఫ్యాను ఝుమ్మంది. ప్రియాంక శాలువా మడతపెట్టి పెట్టె అడుగున పరిచి, దాని మీద ఒక్కో గిన్నె సర్దసాగింది.

ఫోన్ మోగింది. ముర్తుజా.

"మియా, బహుమతి కాయితం కింద రాసుంది. వచ్చే ఏడు గూడ గింతే పొదుపు చూపాలంట. సార్ ఇప్పట్నుంచే ఖర్చు మొదలువెట్టమంటున్నరు. జల్దీ రా!"

బాలరాజ్ చెప్పుల్లో కాళ్లు పెడుతూనే ఉరికాడు.

ప్రియాంక చేతిలో గిన్నెతో పైకి చూస్తూ నిలబడింది. కాసేపటికి ఫ్యాను నెమ్మదించింది. ఒక రెక్క కనబడింది. తర్వాత రెండోది. మూడోదీ కనబడగానే, చెమట తుడుచుకుంటూ, పెట్టెలోని గిన్నెలన్నీ మళ్లీ బయటికి తీసింది.