సూర్యుడికి సంజాయిషీ నోటీసు

ఒక పెద్ద అడవిలో అంతకన్నా పెద్ద ఆఫీసు ఉండేది.

సూర్యుడి నుంచి వీచే గాలిని గమనించడం దాని పని. ఆ గాలి మోసుకొచ్చే అయస్కాంత శక్తి ఒక్కోసారి తాడులా మెలి తిరిగి వస్తుంది. పెద్ద మెలిక వస్తే కొంగలు దారి తప్పుతాయి. అలా తప్పిన గుంపొకటి సరిగ్గా సింహం భోజనంలో దిగింది. ఆఫీసు పుట్టింది ఆ మర్నాడే.

పనిచేసేది మాత్రం వకుళ అనే పావురం ఒక్కతే. బండమీద కూర్చుంటే, మెలిక దాటుతున్నంతసేపూ వకుళ ముక్కు దిక్సూచి ముల్లులా దిక్కులన్నీ చుట్టి వచ్చేది. పెద్దవి దాటడానికి రోజంతా పడుతుంది, అవి అందరికీ తెలుస్తాయి. అరగంటలో పోయే చిన్నవంటేనే వకుళకు ప్రాణం. ముక్కు చటుక్కున తిరిగితే లెక్కలోకి తీసుకునేది కాదు. మెల్లగా, ఎక్కడా ఆగకుండా తిరిగితేనే మోదుగాకు మీద గీత గీసేది. ఎనిమిదేళ్లుగా గీసిన ఆ ఆకులే దాని ఆస్తి.

ఒకరోజు ఫైలులో "చిన్న మెలికలు మూడు" అని రాసింది. ఆ ఆఫీసులో మెలిక అంటే ఎవరో ఫైలుకి అడ్డుపుల్ల వేశారని ఒకటే అర్థం. మెలిక పెట్టిందెవరని నక్క గుమాస్తా నిలదీసింది. సూర్యుడని వకుళ ఉన్నమాట చెప్పింది.

నక్క వెంటనే సూర్యుడికి సంజాయిషీ నోటీసు రాసింది. రోజూ తెల్లవారగానే కోడి దాన్ని గట్టిగా చదివేది. సూర్యుడు వచ్చేవాడు, జవాబివ్వకుండా దిగిపోయేవాడు. అందుకున్నారు గానీ ఖాతరు చేయలేదని నక్క ఫైలులో రాసుకుంది.

ఇంతలో సింహం తనిఖీకి వస్తోందని కబురొచ్చింది. మెలికలున్న ఫైలు రాజు కంటపడితే కుర్చీకి నీళ్లొదులుకోవాల్సిందేనని పెద్ద అధికారి ఎలుగుబంటి హడలిపోయింది. ఒక పూటకన్నా చిన్న మెలికలు లేనట్టేనని ఉత్తర్వు వేసింది. వకుళ ఆకులన్నీ తనిఖీ సాయంత్రం రాజుగారి కోసం వేసే చలిమంటలో వేయమంది. వకుళకు ఏడుపొచ్చింది. అయినా మర్నాడు బండ ఎక్కింది.

తనిఖీ రోజు దట్టంగా మంచు కమ్మింది. కొంగలు ముందు నడిచి రాజుగారిని వేదికకు తీసుకెళ్లాలి. కళ్లకేమీ కనపడదు గనుక వాటికి ఆ అయస్కాంత శక్తే దిక్కు. సరిగ్గా బయలుదేరే వేళకి వకుళ ముక్కు తిరగసాగింది.

"అయ్యా, చిన్నదొకటి వచ్చింది. ఒక్క అరగంట ఆగండి" అంది.

"ఉత్తర్వు ప్రకారం అది రాలేదు" అంది ఎలుగుబంటి.

ఊరేగింపు కదిలింది. కొంగలు ముక్కుసూటిగానే నడిచాయి, తిరిగింది ముక్కులే. అరగంట బురద తొక్కిన సింహం బయలుదేరిన చోటికే వచ్చి నిలబడింది. మంచు విడిచేసరికి రాజుగారి అడుగులు చక్కటి చుట్టులా కనిపించాయి. వకుళ పైకెగిరి చూసి సంతోషం పట్టలేక గిరికీలు కొట్టింది. తను ఆకుమీద గీసిన గీతే అది, కాకపోతే మైదానమంత ఉంది.

"ఇదేమిటి?" అంది సింహం.

ఎలుగుబంటి తడుముకోలేదు. "చిన్న మెలిక, ప్రభూ. మా ఆఫీసే కనిపెట్టింది. తమరు స్వయంగా లోపల నడిచి పరిశీలించారు."

సింహం మురిసిపోయింది. ఇలాంటివి ఇంకెన్ని వచ్చాయో చూపించమంది. చలిమంటకి వెళ్లాల్సిన ఆకులు పల్లకీ ఎక్కి కొలువుకి వెళ్లాయి.

ఎలుగుబంటికి శాలువా కప్పారు. వకుళకు దాని ఆకులూ బండా దక్కాయి, అవే పదివేలనుకుంది. వాటితోపాటు నక్క రాసిన కాగితమూ ఒకటి అందింది. మెలిక వచ్చిందని తెలిసీ రాజుగారిని ఎందుకు ఆపలేదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట.

నీతి: మెలికను కనిపెట్టినవాళ్లకు నోటీసు, అది రాలేదన్నవాళ్లకు శాలువా.