పెద్ద డోలాయన కోటు

ఆ రోజు పొద్దున్నే బ్యాండు కోట్ల పని తేల్చేయాలని దర్జీ ఆవిడ గట్టిగా అనుకుంది. ఎర్ర ఉన్నిబట్ట, భుజాల మీద జరీ పట్టీ, ముందువైపు బంగారు రంగు గుండీలు. అన్నీ కుట్టి కొక్కేలకు తగిలించింది. ఇక పెద్ద డోలు వాయించే ఆయనది ఒక్కటే మిగిలింది. ఆయన ఒళ్లు తెలిసిన బ్యాండు మాస్టారు బట్ట కూడా ధారాళంగానే ఇచ్చాడు. ఆవిడ బల్ల మీద దాన్ని పరిచి సుద్దముక్క అందుకునేసరికి ఫోను మోగింది.

బళ్లో ఈ ఏడు కొత్తగా పిల్లల మార్పిడి పెట్టారు. ఇక్కడి పిల్లలు పై దేశం వెళ్లి అక్కడి వాళ్లింట్లో కొన్నాళ్లు ఉండాలి, ఆ ఇంటి పిల్లలు వీళ్లింటికి రావాలి. వింతలూ విశేషాలూ చూడాలి, చరిత్రా తెలుసుకోవాలి. ఆ లెక్కన ఆవిడ కూతురు పిడుగు అక్కడికి వెళ్లింది, ఆ ఇంటి పిల్ల ఇక్కడికి వచ్చింది. తిండి తినే తీరు చూసి ఆ పిల్లకు మొదటి పూటే పిచ్చుక అని పేరు పెట్టేశారు.

ఫోనులో ఒక ఫోటో. ఏదో కోట బురుజు ముందు పిడుగు ఇకిలిస్తూ నిలబడింది. భుజం చుట్టూ ఆ ఇంటావిడ చెయ్యి. నెత్తిన నీలం ఉన్ని టోపీ. కింద రాసింది: "ఆంటీ తన చేత్తో అల్లింది! తీయబుద్ధే కావట్లేదు!"

దర్జీ ఆవిడకు ఒళ్లంతా భగ్గుమంది. ఫోను తీసుకెళ్లి భర్త ముక్కుకు ఆనించింది. ఆయన బస్సు డ్రైవరు, డ్యూటీకి వెళ్లబోతూ బూట్లు తొడుక్కుంటున్నాడు.

"టోపీ బాగుందే," అన్నాడు పాపం, లోకజ్ఞానం లేని మనిషి.

"బాగుందా? నేను గౌను కుడితే, 'ఇంట్లో కుట్టినవి వేసుకుంటే నవ్వుతారమ్మా' అని షాపుకి పరిగెత్తే పిల్ల ఇది! ఊరంతా నా చేతి బట్టలే వేసుకుంటుంది, నా కూతురు తప్ప. ఎవరో టోపీ పెడితే మాత్రం తీయబుద్ధి కావట్లేదంట!"

"ఎవరో ఏంటే, మన పిల్లకి అన్నం పెడుతున్న తల్లి..."

"అన్నం పెట్టమన్నాం. తల్లి అవ్వమన్లేదు!"

ఆవిడ దీనికి అసూయ అని పేరు పెట్టలేదు, మర్యాద అని పెట్టింది. వాళ్లు మన పిల్లకు టోపీ ఇస్తే మనం వాళ్ల పిల్లకు ఏదో ఒకటి ఇవ్వొద్దూ? బల్ల మీద ఎర్రబట్ట కళ్లముందే ఉంది. డోలాయనకు ఇంత బట్టెందుకు, పిచ్చుకకు చిన్న కోటు తీసినా మిగులుతుందిలే అనుకుంది. కత్తెర పడింది. మిగిలినదాంట్లో డోలాయన కుడిచెయ్యి ఒక్కటే పట్టేలా ఉంది.

పిచ్చుక ఆ కోటు తొడుక్కుని అద్దం ముందు గిర్రున తిరిగింది. "ఆంటీ, నాకే?" అంది వచ్చీరాని మాటల్లో. దర్జీ ఆవిడ దిష్టి తీసినంత పని చేసింది. వెంటనే గడియారం స్తంభం దగ్గర నిలబెట్టి ఫోటో తీయించి పంపింది. కింద రాయించింది: "మేము కూడా చేత్తోనే."

అక్కణ్నుంచి మఫ్లరుతో పిడుగు ఫోటో వచ్చింది. ఇక్కణ్నుంచి పడవలో ఎర్రకోటు వెళ్లింది. అక్కణ్నుంచి చేతి తొడుగులు వచ్చాయి. ఇక్కణ్నుంచి వంతెన మీద ఎర్రకోటు, జేబు మీద కొత్తగా కుట్టిన పువ్వుతో సహా వెళ్లింది. డ్రైవరు సెలవు మీద సెలవు పెట్టి ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. బ్యాండు మాస్టారు ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ, "డోలాయనదేనా? ఇస్త్రీలో ఉందండీ," అంటూనే ఉంది.

పిచ్చుక ట్రిప్పులో చివరిగా చూడాల్సింది ఊళ్లోని పాత గూడ్సు షెడ్డు. యుద్ధం రోజుల్లో సైనికులు ఇంటింటికీ వచ్చి, మనుషుల్ని పిల్లాజెల్లాతో సహా పట్టుకెళ్లి, అక్కణ్నుంచే బండ్లెక్కించి పంపేశారు. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. ఇప్పుడది స్మారకం. వీళ్లు వెళ్లిన రోజే అక్కడ సంస్మరణ సభ ఉంది. బ్యాండు ఆ సభ కోసమే కోట్లు కుట్టించుకుందని దర్జీ ఆవిడకు గేటు దాకా వెళ్లాక తెలిసింది. కొంప మునిగిందనుకుంది.

గేటు దగ్గర పెద్ద డోలాయన మామూలు చొక్కాలో నిలబడి బతిమాలుతున్నాడు. "కోటు లేనివాళ్లు బ్యాండు కాదు," అంటున్నాడు గేటు మనిషి. అప్పుడే ఎర్రకోటులో పిచ్చుక కనబడింది. "అమ్మా, ఆలస్యమైపోయింది, బ్యాండు అటు!" అని గేటు మనిషి డోలాయన దగ్గర డోలు లాక్కుని ఆ పిల్ల మెడకు తగిలించి, లోపలికి తోసేశాడు. ఇది కూడా ట్రిప్పులో భాగమే కాబోలనుకుని పిచ్చుక బుద్ధిగా వెళ్లి వరసలో నిలబడింది.

జనమంతా తలలు వంచారు. మౌనం మొదలు అన్నట్టు మాస్టారు చెయ్యెత్తాడు. మొదలు అంటే వాయించమనే అనుకుంది పిచ్చుక. ఉన్న బలమంతా పెట్టి ఒక్కటి వేసింది.

షెడ్డు మీది పావురాలన్నీ లేచిపోయాయి. "నా డోలు!" అని గేటు బయట కేక వినబడింది. మాస్టారు తిరిగి డోలును చూశాడు, పిల్లను చూశాడు, కోటును చూశాడు. ఆ తర్వాత జనంలో దర్జీ ఆవిడను వెతికి మరీ చూశాడు. ఆవిడ పిచ్చుక మెడలో డోలు తీసి పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కుపోయింది.

లోపల అద్దాల వెనక, పోయినవాళ్ల వస్తువులు పెట్టారు. ఒకచోట చిన్న గౌను. దర్జీ కన్ను ముందు అంచు మీదకే పోతుంది. ఆ అంచు లోపలికి బెత్తెడు మడిచి కుట్టి ఉంది. ఆవిడ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఏంటి ఆంటీ?"

"పిల్ల ఎదుగుతుంది కదమ్మా... ఎదిగేకొద్దీ విప్పి పొడుగు చేద్దామని వాళ్లమ్మ మడిచి కుట్టింది. విప్పనేలేదు."

అని బావురుమంది. పిచ్చుక కూడా ఆవిడ నడుం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తిట్టడానికని వెనకే వచ్చిన మాస్టారు అద్దంలోకి చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు. ఫోటోలు తీయడం అలవాటైపోయిన డ్రైవరు మాత్రం ఒకటి తీసి పంపించేశాడు కూడా.

ఇంటికొచ్చేసరికి ఆ దేశం నుంచి వీడియో కాల్. తెర నిండా ఆ తల్లి ముఖం, కందగడ్డలా ఉంది. ఆవిడ భాష ఈవిడకు రాదు, మధ్యలో పిచ్చుకే దుబాసీ.

"మా అమ్మ... 'నా కూతుర్ని ఎందుకు ఏడిపించారు' అంటోంది."

దర్జీ ఆవిడ కొంగు బిగించింది. కానీ నోరు తెరిస్తే తిట్టు రాలేదు, గౌను సంగతే వచ్చింది. పిచ్చుక తడబడుతూ చెప్పింది.  అవతల ఆ తల్లి కళ్లు తుడుచుకుంటూ ఏదో గబగబా చెప్పింది. పిచ్చుక తల వంచుకుంది.

"ఏమంటోందే?"

"మా అమ్మ అంటోంది... ఎర్రకోటు ఫోటోలు చూసి రోజూ కుళ్లుకుందంట. నా చిన్నప్పట్నుంచీ అల్లుతూనే ఉందంట. నేను... ఒక్కటీ వేసుకోలేదంట. మీరేం మంత్రం వేశారో చెప్పమంటోంది."

దర్జీ ఆవిడ తెల్లబోయింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "నేనూ కుళ్లి చచ్చాననీ, ఆ మంత్రమేదో నాకూ కావాలనీ చెప్పు!" అంది. ఇద్దరు తల్లులూ రెండు దేశాల్లో కూర్చుని, కన్న కూతుళ్లను రెండు భాషల్లో కలిసి తిట్టుకున్నారు. తనకు పడ్డ తిట్లన్నీ పిచ్చుక తనే తర్జుమా చేయాల్సొచ్చింది.

ఇంతలో తెర మీదికి నీలం టోపీ దూసుకొచ్చింది.

"అమ్మా! దానికి గుండీల కోటు కుట్టావా? ఎవరి కూతుర్ని నేను, నీ కూతుర్ని కాదా? వచ్చేసరికి నాకూ అలాంటిదే కావాలి. కాదు, దానికంటే మంచిది కావాలి!"

 దర్జీ ఆవిడ చెయ్యి దానంతటదే మెడలోని కొలతల టేపు మీదకు పోయింది. అయినా గొంతు సవరించుకుని, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఇప్పుడు కుదరదమ్మా. చేతినిండా పనుంది. వచ్చే నెలలో కనబడు, చూద్దాం."

ఇన్నేళ్ల దర్జీ పనిలో ఆవిడ ఏ కస్టమర్‌కీ ఇంత హాయిగా అబద్ధం చెప్పలేదు.