కిరీటి గుమ్మానికి వేపమండలు

సోమవారం పొద్దున ఏడింటికి కిరీటి గుమ్మానికి రెండు వేపమండలు కట్టాడు. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే కట్టేవి అవే. కిరీటికి అమ్మవారు పోయలేదు. కోర్టు నోటీసు వస్తోంది.

భార్య నాగవేణితో విడాకులై నాలుగేళ్ళయింది. కూతురు కీర్తన ఖర్చుకని అతను నెలకు ఆరు వందలు ఇస్తున్నాడు. పిల్ల ఇప్పుడు కంకిపాడు నుంచి బస్సెక్కి విజయవాడ హైస్కూలుకు వస్తోందని, పదిహేను వందలు చెయ్యమని నాగవేణి ఉత్తరాలు రాసింది. జవాబు రాక ఫ్యామిలీ కోర్టుకెక్కింది. నోటీసు అందితే వాయిదాకు వెళ్ళాలి. వన్ టౌన్‌లో తన స్టీలు సామాన్ల కొట్టు ఎలా నడుస్తోందో జడ్జిగారికి చెప్పాలి. కొట్టు బాగా నడుస్తోంది.

తొమ్మిదింటికి కోర్టు అమీనా కరిముల్లా నోటీసు పట్టుకుని భవానీపురం వచ్చాడు. మండలు చూసి మెట్ల కిందే ఆగిపోయాడు.

"ఎన్నో రోజమ్మా?"

"ఇవాళే కనిపించింది బాబూ," అంది కిరీటి తల్లి రావమ్మ, కొడుకు నేర్పినట్టే.

"పాపం. తగ్గాకే వస్తాలెండి."

లోపల కిరీటి చప్పట్లు కొట్టబోయాడు. రావమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మవారి పేరు చెప్పి అబద్ధమాడితే నిజంగానే పోస్తుందిరా. పదకొండు రోజులూ నియమం పాటించాల్సిందే. పడుకో."

ఇంట్లో తాలింపు ఆగింది. గడ్డం గీయడం ఆగింది. గుమాస్తా తిరుపతిరావు తనకూ అంటుకుందేమోనని సెలవు పెట్టాడు. పెళ్ళిళ్ళ సీజన్లో కొట్టుకు తాళం పడింది. పక్కింటి సుబ్బరత్నం పూటపూటా చప్పిడి పెసరకట్టు తెచ్చి, గిన్నె ఖాళీ అయ్యేదాకా కిటికీ దగ్గర నిలబడేది.

మూడో రోజు బడి వదలగానే కీర్తన మజ్జిగ సీసాతో వచ్చింది.

"దగ్గరికి రాకు తల్లీ!"

"నాకు నిరుడే పోసిందిగా, మళ్ళీ రాదంట. అమ్మ నీకు ఉత్తరం కూడా రాసింది."

కిరీటి ఆ ఉత్తరం విప్పలేదు.

"మొహం మీద ఒక్క పొక్కూ లేదేంటి నాన్నా?"

"లోపల పోసింది."

ఆ పిల్ల రోజూ వచ్చింది, రోజూ మామూలు బస్సు తప్పిపోయి చీకటి పడ్డాక ఇల్లు చేరింది. ఒకనాడు వీధి మొదట్లో కరిముల్లా ఆపి నాన్నకెలా ఉందని అడిగితే, "గురువారం నీళ్ళు పోస్తున్నారండీ, మీరూ రండి," అని పిలిచింది.

పదకొండో రోజు, గురువారం, వీధి వీధంతా వచ్చింది. వాకిట్లో పీట మీద తువ్వాలుతో కూర్చున్న కిరీటి నెత్తిన సుబ్బరత్నం వేపాకు నీళ్ళు పోసింది. కరిముల్లా చివరి చెంబు దాకా ఆగి, అరటిపళ్ళు ఇచ్చి, జేబులోంచి నోటీసు తీశాడు.

"తగ్గింది కదండీ. ఇక్కడ సంతకం పెట్టండి."

"ఇంకా తగ్గలేదండీ."

సుబ్బరత్నం చెంబు కింద పెట్టింది. "నీళ్ళు పోశాక ఆ మాట అనకూడదు నాయనా! తల్లికి కోపమొస్తుంది. తగ్గిందని గట్టిగా అను."

వీధంతా చూస్తోంది. "తగ్గింది," అన్నాడు కిరీటి. తడి చేత్తో సంతకం పెట్టాడు. సాక్షి సంతకం సుబ్బరత్నం పెట్టింది.

"ఏం కాగితం నాన్నా?" అంది కీర్తన.

కిరీటి పిల్ల భుజాన ఉన్న పుస్తకాల సంచీ అందుకుని, "నీ బస్సు ఛార్జీలమ్మా," అన్నాడు. చొక్కా తొడుక్కుని సందు చివర దాకా వెళ్ళి బస్సెక్కించి వచ్చాడు.

మొదటి వాయిదాలోనే పదిహేను వందలకు ఒప్పుకున్నాడు. జడ్జిగారు రెండోసారి అడగాల్సిన పని పడలేదు.

ఆ వేసవిలో భవానీపురంలో మరెవరికీ అమ్మవారు పోయలేదు.