గ్రిండ్ తెరిచి ఉంది

ఆ పొద్దున సున్‌వా పెట్టుకున్న పని ఒక్కటే: జర్మనీ నుంచి వచ్చే ఎబెర్ట్ మేడంకి కడుపునిండా భోజనం పెట్టి పంపడం. ఆవిడ యాత్రల కంపెనీ మనిషి. ఆవిడకు నచ్చితే వేసవంతా బస్సులు వాళ్ళ ఊరు ఎనిస్‌విక్‌లో ఆగుతాయి, యాత్రికులు సున్‌వా ఇంట్లో తింటారు. నచ్చకపోతే సున్‌వా మళ్ళీ ఫ్యాక్టరీకి పోయి కాడ్ చేపల తలలు కొయ్యాలి. పెళ్ళికి ముందు నుంచీ కోస్తూనే ఉంది. ఆ వాసన కలలోకి కూడా వస్తోంది.

అడ్డం కూడా ఒక్కటే. ఫెరో దీవులంటే బయటివాళ్ళకి ఎర్రబడ్డ సముద్రమే గుర్తు. తిమింగలాల మందను ఒడ్డుకు తోలి, కోసి, ఊరంతా పంచుకోవడం ఇక్కడ తాతల నాటి ఆచారం. ఆ ఫోటోలు చూసి ఎబెర్ట్ గారి యాత్రికులు జడుసుకున్నారు. అందుకే సున్‌వా తెల్లారగానే చూరుకు వేలాడుతున్న తిమింగలం కొవ్వు పట్టీలను దించి మంచం కిందికి తోసింది. ఇల్లిల్లూ తిరిగి, ఇవాళ "గ్రిండ్" అన్న మాట ఎవరి నోటా రాకూడదని బతిమాలింది.

"ఆవిడకి మన భాష రాదుగా, భయమెందుకమ్మాయ్?" అన్నాడు మామగారు ట్రోండుర్.

"ఆ ఒక్క మాటా వచ్చు మామయ్యా. పేపర్లు చదివి నేర్చుకుంది."

చిక్కేమిటంటే, వాళ్ళ భాషలో గ్రిండ్ అంటే తిమింగలాల మందే కాదు, గొర్రెల దొడ్డి గేటు కూడా.

ఎబెర్ట్ గారు వచ్చి, కూర్చుని, సూపులో చెంచా ముంచారు. సరిగ్గా అప్పుడే ట్రోండుర్ కొండ మీద దొడ్డి చూసుకున్నాడు. గేటు బార్లా తెరిచి ఉంది, నల్ల పొట్టేలు లేదు. అది సముద్రం వైపు జారిపోతుంటే చెయ్యి అటు చూపిస్తూ, కింద అంగడి ముందున్న హేయ్నికి వినబడేలా "గ్రిండ్ తెరిచి ఉంది" అని అరిచాడు. మొదటి మాట హేయ్నికి చేరింది. మిగతా రెంటినీ గాలి మింగేసింది.

ఆ మాటను రెండోసారి అడిగేవాడు ఆ దీవుల్లో పుట్టలేదు. హేయ్ని అంగడి మూసి, వేటకు అనుమతిచ్చే షెరీఫుకు ఫోన్ చేసి, బడి కిటికీలోంచి కేకేశాడు. టీచరు పిల్లల కన్నా ముందు గేటు దాటింది. పాస్టరు బాప్తిస్మం సగంలో బిడ్డను తల్లి చేతికిచ్చి, మిగతాది ఆదివారం చూద్దామని బూట్లు తొడుక్కున్నాడు. ఊరంతా తాళ్ళు, కొక్కేలు పట్టుకుని "గ్రిండ్, గ్రిండ్" అంటూ సున్‌వా కిటికీ ముందునుంచే పరుగెత్తింది.

ఎబెర్ట్ గారు చెంచా కింద పెట్టారు. మొహం పాలిపోయింది. లేచి ఒడ్డుకు నడిచారు. గరిటె చేతిలో ఉందన్న సంగతి కూడా మరిచి సున్‌వా వెనకాలే నడిచింది. కళ్ళ ముందు కాడ్ తలలు బారులు తీరాయి.

రేవులో పడవలన్నీ అర్ధచంద్రంగా నిలబడి ఉన్నాయి. మధ్యలో తిమింగలం లేదు. ఒక పొట్టేలు మునుగుతూ తేలుతూ ఉంది. ఇంతలో ట్రోండుర్ రొప్పుతూ దిగాడు.

"గ్రిండ్ అన్నాను కదరా!"

"గ్రిండ్ అనే వచ్చాం కదా బాబాయ్!"

"ఆ గ్రిండ్ కాదురా, దొడ్డి గ్రిండ్!"

వచ్చినవాళ్ళు ఎటూ వచ్చారు. చేతనైన విద్య ఒక్కటే గనక పడవలతో వలయం కట్టి పొట్టేలును మెల్లగా ఒడ్డుకు తోలారు. హేయ్ని ఛాతీలోతు నీళ్ళలో దిగి దాన్ని భుజాన వేసుకొచ్చాడు. పాస్టరు తన కోటు కప్పాడు.

ఏమని అరిచారని ఎబెర్ట్ గారు ఇంగ్లీషులో అడిగారు. దొడ్డి గేటు తెరిచి ఉందని మామగారు అరిచారని, తమ భాషలో గేటును కూడా గ్రిండే అంటారని చెప్పింది సున్‌వా. అందులో అబద్ధం లేదు.

"ఒక్క గొర్రె కోసం ఊరంతా వచ్చిందా?" ఎబెర్ట్ గారి కళ్ళు చెమర్చాయి. అంతలో పడవల్లోని కొక్కేలు కంటబడి, "మరి తిమింగలాలు వస్తే?" అన్నారు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ తడిసి వణుకుతున్న ఊరిని చూశాక సున్‌వాకు మంచం కింద దాచిన కొవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది.

"అప్పుడూ ఇలాగే అందరం వస్తామండీ. కోస్తాం, పంచుకుంటాం, తింటాం. మీరు రాకముందు మా ఇంట్లో ఉన్నది దాచాను. ఇక దాచను."

ఎబెర్ట్ గారు సున్‌వా చేతిలోని గరిటె వైపు చూశారు. "రెండూ చెబుతాను మా వాళ్ళకి. రాదలచుకున్నవాళ్ళు వస్తారు. ఆ సూపు చల్లారిపోయిందేమో, కాస్త వేడిచెయ్యండి" అన్నారు.

బస్సులు వచ్చాయి. ఒకటి కాదు, వేసవంతా. సున్‌వా ఫ్యాక్టరీ ఏప్రాన్‌ను చించి పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసుకుంది. దిగినవాళ్ళందరూ ముందు పొట్టేలును కాపాడిన రేవే చూపించమనేవారు. రేవొక్కటే చూపిస్తే ఏం బాగుంటుందని, మరుసటి ఏటి నుంచి ఊరు పొట్టేలు పండుగ మొదలుపెట్టింది. ఏటా రేవులో పొట్టేలును మళ్ళీ కాపాడి చూపిస్తారు; బ్యాండు, జెండాలు, పాస్టరు కోటు అన్నీ ఉంటాయి.

మొన్న జర్మనీ నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది: తిమింగలాల సంగతి అలా ఉంచండి, గొర్రెను నీళ్ళలోకి తొయ్యడం ఏం ఆచారం అని.